కాష్గర్ కాన్సులేట్‌ను నెహ్రూ దానం చేశారా?

చైనా సరిహద్దు వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: షిన్‌జియాంగ్‌లోని కాష్గర్‌లో బ్రిటిష్‌వాళ్ళు మనకు వదిలి వెళ్ళిన కాన్సులేట్ ఉండేది. అక్కడ భారతీయుల వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగేది. లాసాలో కూడా మనకు కాన్సులేటూ సైన్యమూ ఉండేవి. నెహ్రూ ఒక్క సంతకంతో ఇవన్నీ చైనాకు ఉచితంగా రాసిచ్చేశారు.

నెహ్రూ చైనా విధానాన్ని తప్పుపట్టడానికి చరిత్రలోనే కావలసినంత సరుకుంది. లేనిది కల్పించడం ఎందుకో అర్థం కాదు. పైగా ఈ కల్పన వల్ల అసలు అడగాల్సిన ప్రశ్న మరుగున పడుతోంది.

ముందుగా ‘వారసత్వంగా వచ్చిన హక్కు’ సంగతి. 1890లో బ్రిటిష్ అధికారి ఫ్రాన్సిస్ యంగ్‌హజ్బెండ్ వెంట జార్జ్ మెకార్ట్నీ అనే యువకుడు దుబాసీగా కాష్గర్ చేరాడు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా అక్కడ రష్యా కాన్సులేట్ ఉంది, దాని అధిపతి పెత్రోవ్‌స్కీ ఊరినంతా తన కనుసన్నల్లో నడిపిస్తున్నాడు. మెకార్ట్నీ పని ఆయన మీద ఒక కన్నేసి ఉంచడం. చైనా మాత్రం ఈయన్ని కాన్సుల్‌గా గుర్తించడానికి 1908 దాకా ఒప్పుకోలేదు. అన్నేళ్ళూ కాగితాల మీద ఆయన కశ్మీర్‌లోని బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు)కి చైనా వ్యవహారాల సహాయకుడు మాత్రమే. ఆయన ఉన్న చీనీబాగ్ అనే బంగళా తర్వాతి కాలంలో కాన్సులేట్ జనరల్ అయింది. బ్రిటిష్ ఇండియా ప్రజల మీద కేసు వస్తే చైనా కోర్టు కాకుండా కాన్సులే విచారించే అధికారం దాని అసలు బలం.

ఆ బలం పోయింది 1947 తర్వాత కాదు, 1943లో. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, జపాన్ మీద పోరాడుతున్న చైనా అధినేత చాంగ్ కై షేక్‌ను బుజ్జగించక తప్పని పరిస్థితి. 1943 జనవరి 11న చుంగ్‌కింగ్‌లో బ్రిటన్, ఇండియా ఒకవైపు, చైనా మరోవైపు ఒప్పందం చేసుకున్నాయి. చైనా గడ్డ మీద విదేశీయులు తమ సొంత కోర్టులు నడుపుకునే హక్కును బ్రిటన్ అందులో వదులుకుంది. కాన్సుల్ ఎక్కడ ఉండాలన్నది ఇకమీదట రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న చోటే. ఇండియా తరఫున సంతకం చేసినవాడు హ్యూ రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ అధికారి. నెహ్రూ అప్పుడు అహ్మద్‌నగర్ కోటలో ఖైదీ! ఆ తర్వాత నాలుగేళ్ళకు స్వతంత్ర భారతానికి కాష్గర్‌లో దక్కింది అద్దె కాగితం లేని గది. యజమాని ఖాళీ చేయమంటే చేయాల్సిందే.

ఇక వ్యాపారం. ఒకప్పుడు నిజంగానే జోరుగా సాగింది. యార్కండ్, కాష్గర్ పట్టణాల్లో సింధులోని శికార్‌పూర్ నుంచి వెళ్ళిన హిందూ వడ్డీ వ్యాపారులు, పంజాబు హోషియార్‌పూర్ వర్తకులు స్థిరపడ్డారు. బట్టలు, సుగంధ ద్రవ్యాలు అటు వెళ్ళేవి. పట్టు, ఉన్ని కంబళ్ళు, వీటితోపాటు దండిగా చరస్ (గంజాయి మొక్క జిగురుతో చేసే మత్తు పదార్థం) లేహ్ మీదుగా ఇటు వచ్చేవి. చరస్ మీద మన ప్రభుత్వం దర్జాగా పన్ను వసూలు చేసుకునేది. సందేశం రాసినవారు ఈ సరుకు పేరు మాత్రం ఎత్తరు.

అదంతా 1930లలోనే చితికిపోయింది. 1933లో షిన్‌జియాంగ్ పగ్గాలు చేతబట్టిన షెంగ్ షిచాయ్ సోవియట్ అండతో పాలిస్తూ బ్రిటిష్ ఇండియా వర్తకులను శత్రువుల్లా చూశాడు. 1934 మార్చిలో కాష్గర్ పోరాటంలో చిక్కుకున్నప్పుడు కాల్పులు కాన్సులేట్‌నూ వదల్లేదు. ఆ దశాబ్దం చివరికి చాలామంది భారతీయ వ్యాపారులను వెళ్ళగొట్టారు, బాకీలు బాకీలుగానే మిగిలిపోయాయి. కాన్సులేట్ ఉండగానే, వెనుక బ్రిటిష్ సామ్రాజ్యం ఉండగానే ఇదంతా జరిగింది.

మిగిలిన ప్రాణాన్ని దేశ విభజన తీసింది. కాష్గర్ టపా తష్కుర్గాన్ దాటి, మింటాకా కనుమ ఎక్కి, హుంజా మీదుగా గిల్గిత్ చేరి అక్కడినుంచి కిందికి వచ్చేది. 1947 నవంబరు 1న గిల్గిత్ స్కౌట్స్ అనే స్థానిక దళంవారు తిరుగుబాటు చేశారు, ఆ దారి పాకిస్థాన్ చేతుల్లోకి పోయింది. మనకు మిగిలింది లేహ్ నుంచి కారకోరం కనుమ దారి. దాని ఎత్తు 5,540 మీటర్లు, గుర్రాల అస్థిపంజరాలే మైలురాళ్ళు. 1948లో లేహ్ పట్టణమే దాడికి గురై, విమానాల్లో సైన్యాన్ని దింపితే గాని నిలబడలేదు. శికార్‌పూర్ కూడా పాకిస్థాన్‌లోకే వెళ్ళింది. దారి పోయి, వ్యాపారీ పోయాక కాష్గర్‌లో కాన్సుల్ ఎవరి బాగోగులు చూడాలి?

ఆ ‘ఒక్క సంతకం’ మాటకొస్తే, కాష్గర్‌ను అప్పగిస్తూ నెహ్రూ సంతకం చేసిన ఒప్పందమేదీ లేదు. సాధారణంగా చూపించే 1954 ఏప్రిల్ 29 నాటి ఒప్పందం టిబెట్‌కు సంబంధించినది. చివరి బ్రిటిష్ కాన్సుల్ జనరల్, పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ 1948లో వెళ్ళిపోయాక, తర్వాతి రోజుల్లో విదేశాంగ కార్యదర్శి అయిన రామ్ సాఠే అక్కడ మన ప్రతినిధిగా ఉన్నారు. 1949 సెప్టెంబరులో షిన్‌జియాంగ్‌లోని కువొమింటాంగ్ (చాంగ్ కై షేక్ పార్టీ) సేనాని తావో జియుయె కమ్యూనిస్టుల పక్షాన చేరాడు. కొత్త ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని బయటివారికి మూసేసింది. షిన్‌జియాంగ్ రాజధాని ఉరుంచీలో అమెరికా కాన్సులేట్ గతీ అంతే. కాన్సుల్ పాక్స్‌టన్ బిడారు కట్టుకుని కారకోరం దాటి లేహ్‌కు వచ్చాడు. వెనకాల ఉండిపోయిన వైస్ కాన్సుల్ మాకీర్నన్ టిబెట్ దారి పట్టి, 1950 ఏప్రిల్‌లో సరిహద్దు కాపలావాళ్ళ తూటాలకు బలయ్యాడు. అణుబాంబు చేతిలో ఉన్న దేశం కూడా అక్కడ కార్యాలయం నిలుపుకోలేకపోయింది. సోవియట్ కాన్సులేట్లు కొన్ని ఇంకా చాలా ఏళ్ళు నడిచాయంటే, అది అప్పటి స్నేహం చలవ.

షిన్‌జియాంగ్‌ను చైనా మూసివేసిందని, అక్కడ పని లేక మన కాన్సుల్ వచ్చేశారని నెహ్రూ 1953 చివర పార్లమెంటుకు చెప్పారు. ఆ జవాబులో తేలికతనం నాకు నచ్చదు. అంతకు ఏడాది ముందే, లాసాలో మన కాన్సులేట్ జనరల్‌కు బదులుగా, చైనాకు బొంబాయిలో కాన్సులేట్ జనరల్ ఇచ్చాం. ఆ బేరంలో కాష్గర్‌ను కూడా గట్టిగా పట్టుబట్టి అడగాల్సింది. చైనా ఒప్పుకునేదా అంటే అనుమానమే. కాని కాదనిపించుకుంటే, ఆ కాదన్నమాటైనా రికార్డులో ఉండేది.

లాసా విషయంలో సందేశం పూర్తిగా తలకిందులు. టిబెట్ మీద 1904 దండయాత్ర తర్వాత బ్రిటిష్‌వాళ్ళకు అక్కడ వాణిజ్య ఏజెన్సీలు దక్కాయి, వాటికి కాపలా దళాలు వచ్చాయి. లాసాలో మాత్రం 1936 నుంచి ఒక మిషన్ (ప్రతినిధి బృందం) ఉండేది, కాన్సులేట్ కాదు. 1947 ఆగస్టు 15న అది భారత మిషన్ అయింది, అధిపతి మాత్రం మారలేదు: 1943లో సంతకం చేసిన అదే రిచర్డ్‌సన్! అది కాన్సులేట్ జనరల్ అయింది 1952లో, అంటే నెహ్రూ హయాంలోనే, బొంబాయికి బదులుగానే. 1962 యుద్ధంతో మూతపడింది.

టిబెట్‌లోని యాతుంగ్, గ్యాంచె ఏజెన్సీల కాపలా దళాలను 1954 ఒప్పందం ప్రకారం వెనక్కి పిలిపించిన మాట వాస్తవం. టిబెట్‌ను ఆక్రమించిన చైనా సైన్యం నడుమ అవి చేయగలిగిందీ లేదు. అక్కడి మన పన్నెండు విశ్రాంతి భవనాలకు చైనా వెల కట్టి ఇచ్చింది. తపాలా, తంతి సామగ్రికి కూడా వెల ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. 1955లో వాటిని అప్పగించేటప్పుడు మాత్రం మనవాళ్ళు స్నేహం పేరు చెప్పి పైసా తీసుకోలేదు. ‘ఉచితంగా’ అన్న ఆరోపణ నిజంగా అతికేది ఈ ఒక్క చోటే. ఇన్ని అభాండాలు వేసిన ఆ సందేశంలో దీని ప్రస్తావనే లేదు.