వేటకి కాదు, మోతకి

మా బావకి వేటాడే లైసెన్సు లేదు. అమెరికాలోని కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట భద్రత కోర్సు పూర్తిచేసి కార్డు చూపిస్తేనే మామూలుగా అది ఇస్తారు. పైగా ఆయన కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునే మనిషి. అయినా ఆఫీసులో ఎవరో ఎల్క్ వేటకి వెళ్తూ "మాంసం మోయడానికి ఒకరు కావాలి" అనగానే చెయ్యెత్తేశాడు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. ఎముకతో సహా ఒక్క వెనక తొడే 25 కిలోలు దాటొచ్చు.

వేట మాంసం వీపున మోసుకొచ్చే హంటింగ్ బ్యాగ్ వచ్చింది. ప్రాక్టీసుకి ఎల్క్ తొడ ఎక్కడ దొరుకుతుంది? 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు తీశాడు.

"చిరిగిందంటే గింజ గింజా మీరే ఏరాలి" అంది అక్క.

బస్తాలని వీపుకి దూరంగా, బయటి అరలో కుక్కాడు. అందరూ చేసేదే, ముందు భుజాల పట్టీలు బిగించాడు. నిటారుగా నిలబడ్డాడో లేదో, బరువు వెనక్కి లాగేసి సోఫాలో వెల్లకిలా పడ్డాడు. బకిల్స్ అన్నీ పెట్టుకున్నాడేమో, తను లేవలేడు, బ్యాగ్ ఊడదు.

"నవ్వకుండా లేపరా!"

ఆ రెండూ ఒకేసారి నావల్ల కాలేదు.

అక్క బట్టలు కుట్టే టేపు తెచ్చింది. మెడ వంచితే పైకి తేలే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు దాకా వీపు పొడవు కొలవాలి, బ్యాగ్‌ని ఆ పొడవుకే పెట్టుకోవాలి. 18 అంగుళాలు వచ్చింది. బ్యాగేమో 21కి పెట్టి ఉంది.

"ఆరడుగుల మనిషిని నేను!"

"ఆ ఎత్తంతా కాళ్ళలోనే ఉందండీ."

పట్టీలన్నీ వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టాం. ముందు నడుం బెల్టు. అది తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బరువులో ఎక్కువ భాగం మోసేది అదే. తీరా చూస్తే ఆ ఎముకలే కనపడవు. తడిమితే బావకి చక్కిలిగిలి.

"పెళ్ళప్పుడు ఉండేవి, నేను చూశాను" అంది అక్క.

మొత్తానికి దొరికాయి. తర్వాత భుజాల పట్టీలు, వాటిపైన బ్యాగ్‌ని వీపు వైపు లాగే చిన్న పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ. బస్తాలని బ్యాగ్‌లో వీపు వైపు ఉండే ఫ్రేముకి ఆనించి కట్టాం. బావ హాల్లో అటూ ఇటూ నడిచాడు. ముఖం వెలిగిపోయింది.

"బరువే తెలీట్లేదే! ఇలా ఎంత దూరమైనా నడుస్తాను."

అక్క అప్పటికే బస్తాలు విప్పి వంటింట్లో పెట్టేస్తోంది. "అయితే ఇండియన్ స్టోర్ దాకా నడిచి వెళ్ళిరండి. కందిపప్పు, గోధుమపిండి, రెండు డబ్బాలు నూనె. కారు తాళాలు ఇక్కడ పెట్టండి."