బాంబుల చదువు ఆడపిల్లకెందుకంటారా?

మొన్న బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది అమ్మాయి ఒకతి రికమెండేషన్ లెటర్ కోసం నా దగ్గరికొచ్చింది. విదేశంలో అణుభద్రతలో మాస్టర్స్ చేస్తుందట. వెంట వాళ్ల నాన్నగారు. "బాంబుల చదువు ఆడపిల్లకెందుకు మేడమ్, మీరైనా చెప్పండి" అన్నారు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతూ ఈ దారి ఒకటుందని పిల్లలకు చెప్పని మా మీదే వచ్చింది.

వాళ్లుండేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దగ్గర. కూతవేటు దూరంలో, రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. అందులో కొన్ని ప్లాంట్లు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ, తనిఖీ కింద ఉన్నాయని చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. తనిఖీ అంటే ఏం చేస్తారని అడిగారు. అణు పదార్థం ఉన్న డబ్బాలకు, పరికరాలకు వేసే సీలు గురించి చెప్పాను. ఈ సంస్థ ఏళ్ల తరబడి వాడింది చిన్న బిళ్లంత లోహపు సీలు. దాని లోపలి వైపు గీతలుంటాయి, ఏ రెండు సీళ్ల గీతలూ ఒకేలా ఉండవు. ముందే ఫొటో తీసి పెట్టుకుంటారు. సీలు ఊడదీశాక వియన్నాకు పట్టుకెళ్లి ఆ గీతల్ని ఫొటోతో పోల్చి చూస్తారు. తేడా ఉందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. 8 కిలోల ప్లుటోనియం పక్కదారి పడితే ఒక బాంబుకు సరిపోవచ్చని వాళ్ల లెక్క. ఆ 8 కిలోలు ఎటూ పోకుండా చూసే చదువండీ ఇది, అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత డబ్బు సంగతి. ఐఏఈఏ 2020లో మేరీ స్క్లొదోవ్‌స్కా క్యూరీ పేరిట ఆడపిల్లల కోసమే ఫెలోషిప్ పెట్టింది. ఫీజుకు ఏడాదికి 10,000 యూరోల దాకా, ఖర్చులకు మరో 10,000 దాకా, గరిష్ఠంగా రెండేళ్లు ఇస్తారు. న్యూక్లియర్ ఇంజినీరింగ్ నుంచి అణు చట్టం దాకా, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధంతో సహా, ఏది చదివినా సరే. అంటే లా చదివే పిల్లలకూ ఇందులో చోటుంది.

అమెరికాలో అణ్వాయుధాల బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్ఎన్ఎస్ఏ వాళ్ల గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా పెద్దదే, కానీ దానికి అక్కడి పౌరసత్వం తప్పనిసరి. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలు ఆ షరతు ముందే చదువుకోవాలి. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు మాత్రం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. వాళ్లకైనా ఎవరైనా చెబుతున్నారా?

"అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఎన్పీటీ మీద సంతకమే పెట్టని దేశం, మనకెందుకీ గోల" అని స్టాఫ్‌రూమ్‌లో ఒకరన్నారు. సంతకం పెట్టలేదు కాబట్టే మన వాదన మనమే చెప్పుకోవాలి. 2008లో అమెరికాతో పౌర అణు ఒప్పందం కుదరడానికి ముందు ఏ రియాక్టర్లు తనిఖీ కిందికి వెళ్లాలి, ఏవి వద్దు అని ఒక్కొక్కటీ తేల్చుకోవలసి వచ్చింది. ఫిజిక్సూ, చట్టమూ రెండూ తెలిసినవాళ్లు లేకుండా అలాంటి బల్ల దగ్గర కూర్చుని ఏం మాట్లాడతాం?

లెటర్ నిన్న రాత్రే రాసి పంపాను. పొద్దున వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, వియన్నాలో చలి ఎక్కువా మేడమ్ అని అడిగారు.