కాంబినేషన్ మాత్ర గారికి ఒక లేఖ

మహారాజశ్రీ కాంబినేషన్ మాత్ర గారికి,

ఒకే మాత్రలో రెండు మూడు మందులతో ఉమ్మడి కాపురం చేసే మీకు, గుంటూరు కొత్తపేట నుంచి మీ పాత కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమమే అని రాయాలనుంది గానీ, ఆ మాట మా లివర్‌ని అడిగి చెప్పాలి.

మా సందులో మందుల షాపుకెళ్లి "జలుబు, జ్వరం, ఒళ్లునొప్పులు" అంటే చాలు, కత్తెర చకచకా ఆడుతుంది. మూడు రకాలు, మూడు పూటలకీ, చిన్న కవర్లో. జ్వరం మాత్రలో పారాసిటమాల్ 650. జలుబు మాత్రలో మళ్లీ అదే, 500. నొప్పుల మాత్రలో ఇంకో 325. పూటకి 1,475 మిల్లీగ్రాములు, రోజుకి 4,425. పెద్దవాళ్లకైనా రోజుకి 4,000 దాటకూడదు, దాటితే లివర్‌కి ముప్పు. ఇంత లెక్క మాకెలా తెలుస్తుందంటారా? నిజమే. మీలో ఎవరెవరున్నారో రాసిన ముక్క కత్తెరకి అవతలే, షాపులోనే ఉండిపోయింది.

కొన్ని జలుబు మాత్రల తెలివి మరీ ముచ్చట. అందులోని క్లోర్‌ఫెనిరమిన్ అనే జలుబు మందు నిద్రపుచ్చుతుంది, పక్కనే ఉన్న కెఫీన్ లేపుతుంది. మధ్యలో బ్రాడీపేట ట్రాఫిక్‌లో బండి నడిపేది మేము. ఇక విరేచనాలకైతే బ్యాక్టీరియాకొకటి, అమీబాకొకటి కలిపి ఇచ్చేస్తారు, ఏదో ఒకటి తగలకపోతుందా అని. చాలావరకు ఓఆర్‌ఎస్ తాగుతుంటే దానంతటదే తగ్గేదానికి ఇంత హడావిడి. అక్కర్లేని యాంటీబయాటిక్‌తో కడుపులో క్రిములకు మాత్రం మందుని తట్టుకునే ట్రైనింగ్ ఉచితంగా దొరుకుతుంది.

మీ కోర్టు అనుభవం మాత్రం మెచ్చుకోవాలి. కొత్త కాంబినేషన్‌కి అనుమతి ఇవ్వాల్సింది కేంద్రం. చాలామందికి రాష్ట్రాల లైసెన్సే సరిపోయింది. ఏళ్ల తరబడి అమ్ముడయ్యాక, 2016 మార్చిలో మీలో 344 మందిని ఒక్కసారిగా నిషేధించారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయి. డిసెంబరుకల్లా ఢిల్లీ హైకోర్టులో మీరే గెలిచారు. సుప్రీంకోర్టు మళ్లీ పరిశీలించమంటే, 2018లో 328 మందిని ఆపారు. 2023లో 14, 2024లో 156. నిషేధం ఫలానా మందుల ఫలానా కలయిక మీదే కదా! అందులో ఒకదాన్ని మార్చి, పేరు చివర 'ప్లస్' తగిలిస్తే మళ్లీ కొత్త ఫైలు, కొత్త కమిటీ. ఈలోగా మా సందులో కత్తెరకి సెలవు ఉండదు.

మీ వంశంలో మంచివాళ్లు లేరని కాదు. టీబీకి నాలుగు మందులు కలిపిన మాత్ర ఉంది. ఒక్క మందే వాడితే ఆ క్రిమి మొండికేస్తుంది కాబట్టి కలిపారు. చేతులు వణికించే పార్కిన్‌సన్స్ జబ్బుకి లెవోడోపా, కార్బిడోపా అనే మందుల జంట ఉంది. రెండోది లేకపోతే మొదటిది మెదడు దాకా సరిగా చేరదు. వాళ్లు ఎందుకు కలిశారో అడిగితే జవాబు చెప్పగలరు. మీరు చెప్పగలరా?

చెప్పలేకపోతే దయచేసి వేరు కాపురాలు పెట్టండి. ముందుగా పారాసిటమాల్ గారిని ఒక్కరినే పంపండి, స్ట్రిప్ కోయకుండా.

ఇట్లు,
కొత్తపేట లివర్ల తరఫున
ఒక కస్టమర్