స్టోరేజ్ అకౌంట్ వాడకంలో లేదని సైజు చూసి తేల్చలేం

క్లౌడ్ బిల్లు తగ్గించమన్నప్పుడు చాలా టీమ్‌లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో డేటా దాచే స్టోరేజ్ అకౌంట్లను సైజు వారీగా పేర్చి, ఖాళీగా కనిపించినవాటిని ముందు డిలీట్ చేస్తాయి. ఇది తలకిందుల లెక్క. కొన్ని కిలోబైట్ల టెర్రాఫామ్ స్టేట్ ఫైల్ (కోడ్‌తో కట్టిన సర్వర్లు, నెట్‌వర్క్‌ల చిట్టా) తప్ప ఇంకేమీ లేని అకౌంట్ మీద మొత్తం ఇన్‌ఫ్రా నిలబడి ఉండొచ్చు. టెరాబైట్ల పాత లాగ్‌లున్న అకౌంట్ జోలికి ఏళ్ల తరబడి ఎవరూ వెళ్లకపోవచ్చు.

చూడాల్సింది ట్రాన్సాక్షన్స్ మెట్రిక్, అంటే అకౌంట్‌కు వచ్చిన రిక్వెస్టుల లెక్క. దాన్ని ఏపీఐ పేరు (ఏ పని అడిగారు), ఆథెంటికేషన్ రకం (ఏ గుర్తింపుతో వచ్చారు) వారీగా విడదీయాలి. సర్వీస్ ప్రాపర్టీస్ (అకౌంట్ సెట్టింగ్స్) చదివే కాల్స్ మాత్రమే ఉంటే అవి పోర్టల్ వల్లో, స్కానర్ల వల్లో వచ్చి ఉండొచ్చు. గెట్ బ్లాబ్, పుట్ బ్లాబ్ (అకౌంట్‌లో దాచిన ఫైల్‌ను, అంటే బ్లాబ్‌ను, చదవడం, రాయడం) కనిపిస్తే మాత్రం ఎవరో వాడుతున్నట్టే. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ మెట్రిక్ 93 రోజులే నిల్వ ఉంటుంది, ఒక్కో చార్ట్‌లో 30 రోజులకు మించి కనపడదు. ఏడాదికోసారి నడిచే జాబ్ ఇందులో దొరకదు. అందుకే డయాగ్నస్టిక్ సెట్టింగ్స్ ఆన్ చేసి ఒక్కో రిక్వెస్టునూ నమోదు చేసే లాగ్‌లు పోగుచేయాలి. అకౌంట్‌లోని నాలుగు సర్వీసులు బ్లాబ్, ఫైల్, క్యూ, టేబుల్‌లకు విడివిడిగా ఆన్ చేయాలి, చాలామంది బ్లాబ్‌తో ఆపేస్తారు. లాగ్‌లోని కాలర్ ఐపీ (రిక్వెస్ట్ వచ్చిన చిరునామా), యూజర్ ఏజెంట్ (పంపిన ప్రోగ్రామ్ పేరు) చూస్తే అడిగేదెవరో తెలుస్తుంది. ఫంక్షన్ యాప్ సెట్టింగ్స్, వీఎం బూట్ డయాగ్నస్టిక్స్, ఎస్‌క్యూఎల్ ఆడిటింగ్, క్లౌడ్ షెల్ ఫైల్ షేర్... ఇవి కూడా ఆ అకౌంట్‌నే వాడుతుండొచ్చు, కాబట్టి వీటన్నిటిలోనూ దాని పేరు వెతకాలి.

అనుమానం తీరాక కూడా డిలీట్ వద్దు, ముందు దారులు మూసి చూడండి. పబ్లిక్ నెట్‌వర్క్ యాక్సెస్ ఆపినా ప్రైవేట్ ఎండ్‌పాయింట్ (సొంత నెట్‌వర్క్‌లోంచి అకౌంట్‌కు ఉండే లోపలి దారి) గుండా ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని వేరుగా చూసుకోవాలి. షేర్డ్ కీ యాక్సెస్ ఆపితే అకౌంట్ కీలతో (అకౌంట్ పాస్‌వర్డ్ లాంటివి) వచ్చేవాళ్లకు 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది, మైక్రోసాఫ్ట్ లాగిన్ సర్వీస్ అయిన ఎంట్రా ఐడీతో వచ్చేవాళ్లకు ఏమీ కాదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే సెట్టింగ్ వెనక్కి మార్చేస్తే సరి. కనీసం ఒక క్వార్టర్ ముగింపు దాటేదాకా ఆగడం మేలని మా అభిప్రాయం. నెల చాలదు.

ఈలోగా అవసరమైన డేటా కాపీ తీసుకోండి. అరుదుగా వాడే డేటాకు చవకైన ఆర్కైవ్ టైర్‌లోని బ్లాబ్ రీహైడ్రేట్ కావడానికి, అంటే మళ్లీ చదవగలిగే స్థితికి రావడానికి, మామూలు ప్రయారిటీలో 15 గంటల దాకా పట్టొచ్చు. లీజు (వాడకంలో ఉందన్న తాళం) ఉన్న పాత వీహెచ్‌డీ (వర్చువల్ డిస్క్ ఫైల్), లాక్ చేసిన ఇమ్యూటబిలిటీ పాలసీ (డేటా మార్చకూడదన్న నియమం), డిలీట్‌ను అడ్డుకునే రిసోర్స్ లాక్ ఉంటే డిలీట్ అసలు సాగదు. అలాంటిది ఎదురైతే అది ఎవరు, ఎందుకు పెట్టారో కనుక్కున్నాకే ముందుకెళ్లాలి.

సాఫ్ట్ డిలీట్ (తీసేసినవాటిని కొన్నాళ్లు దాచి ఉంచే సదుపాయం) ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. అది బ్లాబ్‌లను కాపాడుతుంది కానీ అకౌంట్‌నే తీసేస్తే ఆదుకోదు. డిలీట్ చేసిన అకౌంట్‌ను 14 రోజుల్లోపు తిరిగి తెచ్చుకునే వీలుంది, గ్యారంటీ మాత్రం లేదు. ఆలోగా అదే పేరుతో ఇంకో అకౌంట్ తెరుచుకుంటే ఆ దారీ మూసుకుపోతుంది. పేరు ప్రపంచమంతటికీ ఒక్కటే కాబట్టి, మీరు వదిలాక దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. మీ డొమైన్‌లోని సీనేమ్ రికార్డు (మీ వెబ్ చిరునామాను ఇంకో పేరుకు మళ్లించే రికార్డు) ఇంకా ఆ పేరునే చూపిస్తుంటే, మీ చిరునామా మీద వాళ్ల ఫైళ్లు తెరుచుకుంటాయి. కాబట్టి ఆ రికార్డును అకౌంట్ కంటే ముందే తొలగించాలి.