అలుగుకు అడ్డం పడుతున్న విహారం

పెద్ద ప్రాజెక్టు మీద ఇంజనీర్లుంటారు, కాపలా ఉంటుంది, నీటిమట్టాన్ని గంట గంటకూ రాసే రిజిస్టరు ఉంటుంది. పడవ షికారుకో, గాలం వేసుకోవడానికో, సెలవు రోజున కుటుంబంతో వెళ్లి గట్టున కూర్చోవడానికో పల్లెసీమల్లో కట్టుకున్న చిన్న డ్యాముకు ఇవేవీ ఉండవు. చాలాచోట్ల దాని బాధ్యత ఎవరిదో కూడా తేలదు. ఒకప్పుడు మిల్లు కోసమో, కరెంటు కోసమో కట్టింది చేతులు మారుతూ వచ్చి చివరికి ఒక క్లబ్బు చేతిలోనో, ఇళ్ల యజమానుల సంఘం చేతిలోనో పడుతుంది. అమెరికా జాతీయ డ్యాముల జాబితాలో 90 వేలకు పైగా కట్టడాలుంటే, సగానికి మించి ప్రైవేటు యజమానులవే. విహారమే ముఖ్య అవసరంగా నమోదైనవి వాటిలో చాలా ఉన్నాయి.

చిన్నదే కదా అని తీసిపారేసే ముందు లెక్క చూడాలి. ఒక హెక్టారు విస్తీర్ణం, సగటున 3 మీటర్ల లోతు ఉన్న జలాశయంలో 30 వేల ఘనపు మీటర్ల నీళ్లుంటాయి. బరువులో అది 30 వేల టన్నులు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే కట్ట మొత్తం కోసుకుపోవడానికి ఒక్కోసారి గంట కూడా పట్టదు. అందుకే డ్యాముల భద్రత చూసేవాళ్లు ప్రమాద స్థాయిని కట్ట ఎత్తును బట్టి కాక, గండి పడితే కింద ఎవరున్నారన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు.

మా ఆందోళన ముఖ్యంగా ఒక విషయం మీద. ఈ డ్యాములను ముప్పులోకి నెట్టేది చాలాసార్లు వయసో వానో మాత్రమే కాదు, విహారం కోసం మనం చేసే మార్పులు కూడా. చేపలు కొట్టుకుపోకూడదని అలుగుకు, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారికి, జాలీ బిగిస్తారు. పడవలకు లోతు కావాలని అలుగు మీద చెక్కలు పెట్టి నీటిమట్టం పెంచుతారు. నీడ కోసం కట్ట మీద చెట్లు నాటుతారు. కార్లు తిరగడానికి కట్టను చదును చేస్తారు. దేనికది చూస్తే తప్పు పట్టేలా ఉండదు. అన్నీ కలిసిన చోట, రాత్రి పడిన పెద్ద వానకు నీళ్లు పోయే దారి మిగలదు.

దీనికి చరిత్రలో అన్నిటికన్నా ఘోరమైన ఉదాహరణ అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంది. సౌత్ ఫోర్క్ డ్యామును మొదట కాలువ రవాణాకు నీళ్లిచ్చేందుకు ప్రభుత్వం కట్టింది. తర్వాత అది చేతులు మారింది. అడుగున నీళ్లు వదిలే ఇనుప తూములను మధ్యలో ఒక యజమాని పీకించి తుక్కు కింద అమ్మేశాడు. 1879లో దాన్ని కొన్న వేట, చేపల క్లబ్బులో ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ లాంటి కోటీశ్వరులు సభ్యులు. కట్టకు అప్పటికే పడి ఉన్న గండిని క్లబ్బు పూడ్చింది కానీ తూములు మళ్లీ పెట్టలేదు. కట్ట మీద బండ్ల దారి వెడల్పు కోసం ఎత్తు తగ్గించింది. చేపలు పోకుండా అలుగుకు ఇనుప జాలీలు కట్టింది. దిగువన జాన్స్‌టౌన్‌లోని ఉక్కు కంపెనీ అధిపతి డేనియల్ మోరెల్ 1880లో తన ఇంజనీరు జాన్ ఫుల్టన్‌ను పంపి కట్టను చూపించాడు. నీళ్లు దించే తూము లేదని, మరమ్మతు సరిగా చేయలేదని ఫుల్టన్ రాసిచ్చాడు. మీకేం భయం లేదని క్లబ్బు జవాబిచ్చింది. 1889 మే 31న కుండపోత వానకు కొట్టుకొచ్చిన చెత్తాచెదారం జాలీలకు అడ్డం పడింది. పనివాళ్లు కట్ట మీద మట్టి పోశారు, పక్కన కొత్త అలుగు తవ్వబోయారు. మధ్యాహ్నానికి నీళ్లు కట్ట మీదుగా దూకాయి, కట్ట తెగింది. ఆ నీళ్లు 23 కిలోమీటర్ల దిగువన ఉన్న పట్టణాన్ని సుమారు గంటలో ముంచెత్తాయి. 2,209 మంది చనిపోయారు. క్లబ్బును ఏ కోర్టూ బాధ్యురాలిగా తేల్చలేదు.

అది 22 మీటర్ల కట్ట, చిన్నది కాదు కదా అనవచ్చు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రం టొకోవాలోని కెల్లీ బార్న్స్ డ్యాము దానిలో సగం ఎత్తే. కరెంటు ఉత్పత్తి ఆగాక అది విహార సరస్సుగా మిగిలింది. 1973లో తీసిన ఫొటోలో దిగువ వాలు కొంత జారిపోయి కనిపిస్తుంది. నాలుగేళ్ల తర్వాత, 1977 నవంబరు 6 అర్ధరాత్రి దాటాక కట్ట తెగింది. దిగువన కాలేజీ ఆవరణలో నిద్రలో ఉన్నవాళ్ల మీద నీళ్లు పడ్డాయి. 39 మంది పోయారు. ప్రైవేటు డ్యాముల్లో దిగువన జనం ఎక్కువగా ఉన్నవాటిని తనిఖీ చేయాలని అధ్యక్షుడు కార్టర్ ఆదేశించింది ఆ తర్వాతే. ఫొటోలో కనిపించిన జారుడు ఎవరికైనా అర్థమయ్యేదే. చూసి ఏదో ఒకటి చేయాల్సిన మనిషి లేడు, అంతే.

కట్టను చూడటం కష్టమైన విద్య కాదు. దిగువ వాలు వెంట, మొదటి నుంచి చివరి దాకా నడవాలి. ఎండాకాలంలో చుట్టూ గడ్డి ఎండిపోయి ఒకచోట మాత్రం పచ్చగా, కాలు పెడితే మెత్తగా ఉందంటే అక్కడ ఊట ఉన్నట్టు. ఊట ప్రతి మట్టికట్టకూ ఎంతో కొంత ఉంటుంది. తేటగా, ఎప్పుడూ ఒకే తీరున కారే ఊటను గమనిస్తూ ఉంటే చాలు. అది ఒక్కసారిగా పెరిగినా, నీళ్లు బురద రంగుకు తిరిగినా కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. బుంగ పడటం అలాగే మొదలవుతుంది. అప్పుడు వారం తర్వాత చూద్దాం అనుకుంటే కుదరదు, ఆ గంటలోనే ఇంజనీరుకు ఫోన్ వెళ్లాలి. తూము గొట్టం కట్టలోంచి బయటికొచ్చే చోటు మరీ జాగ్రత్తగా చూడాలి. గొట్టం పక్కన మట్టి సరిగా దిమ్మిస కొట్టకపోతే నీళ్లు ఆ సందే వెతుక్కుంటాయి.

చెట్ల విషయంలో జనం మమ్మల్ని కోప్పడతారని తెలుసు. అయినా చెప్పక తప్పదు: మట్టికట్ట మీద పెద్ద చెట్టు ఉండకూడదు. గాలివానకు కూలితే వేళ్లతో పాటు కట్ట ముక్కను పెకలించుకుపోతుంది. నరికి మొద్దును వదిలేసినా ముప్పు తీరదు. వేళ్లు లోపల కుళ్లి, నీళ్లకు సొరంగంలా దారి ఇస్తాయి. మొద్దు తీసి, గుంటను పొరలు పొరలుగా మట్టితో నింపి గట్టిపరచాలి. పొదలు పెరిగితే ఎలుకలు, కుందేళ్లు తవ్విన కలుగులు కంటికి కనిపించవు. కట్టకు పొట్టిగా కోసిన గడ్డే మేలు. నీడ కావాలంటే చెట్లను కట్టకు దూరంగా, సరస్సు ఒడ్డున పెంచుకోవచ్చు.

భయపడి నీళ్లన్నీ ఒక్కరోజులో వదిలేయడమూ తప్పే. నీరు నిండి బరువెక్కిన లోపలి వాలు, ఎదుటి నీటి ఒత్తిడి హఠాత్తుగా పోతే జారిపోతుంది. నీటిమట్టాన్ని ఎంత వేగంగా దించాలో ఇంజనీరే చెప్పాలి.

ఇక పిల్లలు ఈదే చోటు. వాగుకు అడ్డంగా వేసిన గోడ మనిషి ఎత్తుకన్నా తక్కువే ఉండొచ్చు. దాని మీదుగా పరుచుకుని దూకే నీళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ కింద పడిన నీరు పైకి లేచి మళ్లీ గోడ వైపే తిరుగుతుంది. అందులో చిక్కిన మనిషిని గోడ దగ్గరికి లాగి, ముంచి, తేల్చి, మళ్లీ లాగుతుంది. నురగలో గాలి కలిసి ఉండటంతో మనిషి సరిగా తేలడు, లైఫ్ జాకెట్ ఉన్నా భరోసా లేదు. కాపాడబోయి దూకినవాళ్లూ అక్కడే పోతున్నారు. ఎగువన పడవలకు కనిపించేలా తేలే బుడ్ల తాడు, హెచ్చరిక బోర్డు, గట్టున విసరడానికి తాడు పెట్టడం యజమానుల కనీస విధి. గోడ కింద రాళ్లు పేర్చి ఆ సుడిని విరగ్గొట్టే పద్ధతులూ ఉన్నాయి.

చుట్టూ జరిగే మార్పులను ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు. కట్టినప్పుడు కింద పొలాలే ఉండొచ్చు. సరస్సు అందం చూసి ఇళ్లొస్తాయి, కట్ట పాదంలో పార్కింగు వస్తుంది, గుడారాలు వేసుకునే చోటు వస్తుంది. కట్టలో ఇటుక కదలకపోయినా డ్యాము ప్రమాద స్థాయి మారిపోతుంది. దిగువన ఇంటికి అనుమతి ఇచ్చే ముందు, పైన ఉన్న కట్ట తెగితే నీళ్లెక్కడి దాకా వస్తాయో మ్యాపు చూడాలని చట్టం అడగాలి. ఎగువ పచ్చిక బయళ్ల ఎరువు, సెప్టిక్ ట్యాంకుల నీరు జలాశయంలో కలిస్తే వేసవిలో ఆకుపచ్చ నాచు కడుతుంది. అందులో కొన్ని రకాలు విషం, ఆ నీళ్లు తాగిన కుక్కలు చనిపోవచ్చు.

చట్టం చేయడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో 1925లో ఎగువన ఒక డ్యాము తెగి, ఆ నీళ్లు దిగువనున్న మరో కట్టనూ తెంచి డోల్‌గారోగ్ గ్రామం మీద పడ్డాయి. 16 మంది చనిపోయారు. అయిదేళ్లకు బ్రిటన్ జలాశయాల భద్రతా చట్టం తెచ్చింది. 1975 చట్టంలో 25 వేల ఘనపు మీటర్లు దాటిన ప్రతి పెద్ద జలాశయాన్నీ నిపుణుల పర్యవేక్షణ కిందికి తెచ్చారు. వేల్స్ 2016లో ఆ హద్దును 10 వేలకు దించింది. దించినది సరైన పనే అని మా అభిప్రాయం. అయితే కాగితం మీది పర్యవేక్షణ ఒక్కటే సరిపోదని 2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని టాడ్‌బ్రూక్ చూపించింది. సెయిలింగ్ క్లబ్బు ఉన్న ఆ పాత జలాశయం అలుగు కాంక్రీటు పలకలు వానకు ఊడిపోయాయి. 1,500 మందిని ఖాళీ చేయించి, హెలికాప్టరుతో రాళ్ల మూటలు పడేశారు. డిజైన్ లోపానికి తోడు మెయింటెనెన్స్ సరిగా జరగలేదని విచారణ తేల్చింది.

ప్రతి చిన్న డ్యాముకు ఒక బాధ్యుడి పేరు, అర్ధరాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు, దిగువ ఇళ్లను లేపే ఏర్పాటు ఉండాలి. ఇవి లేని చోట పడవలకు, ఈతకు అనుమతి ఇవ్వకూడదు. అలుగు జాలీలు, పైన పెట్టిన చెక్కలు వానాకాలం రాకముందే తీసేయాలి. మరమ్మతుకు డబ్బు ఒక క్లబ్బు చందాలతో తేలేది కాకపోతే ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పివ్వాలి, దానికి ఆ సరస్సు ఒడ్డున ఇళ్లున్నవాళ్ల నుంచే ఏటా కొంత వసూలు చేయవచ్చు. అంతకూ స్తోమత లేనిచోట, గండి పడేదాకా ఆగకుండా ఇంజనీరు చేత పద్ధతిగా నీళ్లు దించి, కట్టను కోయించి, వాగును వాగులా పారనివ్వాలి. తరాలుగా ఆ నీళ్ల పక్కన పెరిగినవాళ్లకు అది బాధే. వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడి, ఖాళీ అయిన నేలను ఏం చేయాలో వాళ్లనే నిర్ణయించనివ్వాలి.