కువైట్‌కు పోతే గొప్ప, మాల్దీవులకు పోతే తప్పా?

అరుణ బీఎస్సీ, బీఈడీ. కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పి, 2023లో మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలోని ప్రభుత్వ బడికి కాంట్రాక్టు మీద వెళ్లింది. ఇప్పుడు సెలవుల్లో ఇంటికొచ్చింది. కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. పెట్టొద్దని పట్టుబట్టినాయన ఆమె పెద్దనాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు. నేను అమ్మాయి పక్షమే, దాపరికం లేదు. అయినా పెద్దాయన అడిగినవాటిలో కొన్నింటికి నా దగ్గరా జవాబు లేదు. వాటిని కత్తిరించకుండా ఉంచాను.

పెద్దనాయన: ఇంక చాల్లే అరుణా. లోకం చూసినావు, నాలుగు రూపాయలు వెనకేసినావు. ఇక్కడ బడులు లేవా, పిల్లలు లేరా?

అరుణ: బడులున్నాయి, పిల్లలూ ఉన్నారు. జీతమే లేదు పెద్దనాయనా. నేను పనిచేసిన చోట ఏడాదికి పది నెలల జీతమే. ఎండాకాలం రెండు నెలలు అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగమనేవాళ్లు. స్కూటీకి పెట్రోలు కూడా మనదే.

పెద్దనాయన: అందుకే గవర్నమెంటు ఉద్యోగం అని నెత్తీనోరూ కొట్టుకుంది. 2025లో మెగా డీఎస్సీ పడింది. 16,347 పోస్టులు! నీతో బీఈడీ చేసినవాళ్లు జూన్, జులైలో పరీక్ష రాసి, సెప్టెంబరులో నియామక పత్రాలు తీసుకున్నారు. నువ్వేమో ఆ దీవిలో కూర్చుని వాళ్ల ఫోటోలకు లైకులు కొట్టినావు.

అరుణ: కొట్టినా. టర్మ్ మధ్యలో సెలవు ఇవ్వలేదు, రాయలేకపోయినా. ఆ ఫోటోలు చూసిన రాత్రి నిద్ర పట్టలేదు, అది నిజం. కానీ దానికి ముందు డీఎస్సీ ఎప్పుడు? 2018లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకని ఒకటి వేసి, పరీక్ష జరక్కుండానే రద్దు చేశారు. నా ఫ్రెండ్సు అవనిగడ్డలో, నంద్యాలలో కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి తిరిగి వయసు కరగదీసుకున్నారు. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫోటోలే నువ్వు చూస్తావు. రానివాళ్లు ఫోటోలు పెట్టరు గదా.

పెద్దనాయన: వచ్చినవాళ్లకు జీవితాంతం దిగులు లేదు. నా సంగతి చూడు, ఒకటో తేదీకి పెన్షన్ పడుతుంది.

అరుణ: అది నీకు. 2004 సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లకు ఆ పెన్షన్ లేదని నువ్వే గదా యూనియన్ మీటింగుల్లో మాట్లాడేది! దాని బదులు పెట్టిన సీపీఎస్, అదే జీతంలోంచి కోసి పెట్టే పెన్షన్ పథకం, రద్దు చేయాలని నీ పాత స్టాఫంతా ధర్నాకు పోతే నువ్వూ పోయి కూర్చున్నావు. నన్ను భయపెట్టేందుకు మాత్రం పెన్షన్ అంటావా?

పెద్దనాయన: సరే, పెన్షన్ పక్కన పెడదాం. నువ్వు "సెటిల్ అయినా" అంటున్నావే, ఆ మాటకు నాకు నవ్వొస్తుంది. ఎక్కడ సెటిల్ అవుతావమ్మా? వాళ్ల 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిం కాని మనిషికి పౌరసత్వమే ఇవ్వరు. పూజకు ఒక చిన్న విగ్రహం పెట్టెలో పెట్టుకుపోతే కస్టమ్స్‌లోనే ఆపుతారు. జీతం వాళ్ల రుఫియాల్లో. డాలరుకు 15.42 అని సర్కారు రేటు ఉంది, ఆ రేటుకు అడిగినన్ని డాలర్లు దొరకవు. బ్యాంకులో నెలకు ఇంతకు మించి పంపనియ్యరు. బయట కొంటే పైన ఎంతో ఊడుతుంది. రెండు నెలల డబ్బు అక్కడే ఇరుక్కుందని మీ నాయన నా దగ్గర చేబదులు తీసుకున్నాడు, నీకు తెలుసా? పైగా 2024 జనవరిలో మనవాళ్లు మాల్దీవులను బాయ్‌కాట్ చేయండన్నారు, అంతకుముందు నుంచే వాళ్లు "ఇండియా అవుట్" అన్నారు. రేపు మళ్లీ ఏదో ఒకటి వస్తే కాంట్రాక్టు టీచరును పంపించడానికి ఎంతసేపు? అద్దె ఇంట్లో సున్నం వేసుకున్నట్టుంది నీ సెటిల్మెంటు.

అరుణ: నాయన చేబదులు సంగతి నాకు చెప్పలేదు.

పెద్దనాయన: చెప్పడు. వాడు చెప్పడనే నేను చెప్తున్నా.

అరుణ: డబ్బు సంగతి ఒప్పుకుంటా. రూలు ఎప్పుడు మారుతుందో తెలియదు, టెన్షనే. విగ్రహం సంగతీ నిజమే. ఫోన్లో దేవుని కడప వెంకన్న ఫోటో ఉంది, తెల్లారి లేచి దండం పెట్టుకుంటా. ఉగాదినాడు ముస్లింలు వచ్చి ఆ వెంకన్నకు కొబ్బరికాయ కొట్టే ఊళ్లో పెరిగినా కాబట్టి నాకు అక్కడ భయం వేయలేదు, కష్టం మాత్రం వేసింది. అదీ నువ్వనుకునే కష్టం కాదు. మొదటి ఆదివారం తీరుబడిగా బట్టలు నానబెట్టుకుని కూర్చుంటే, పక్కింటి పిల్లలు యూనిఫారం వేసుకుని బడికి పోతున్నారు! శుక్ర, శనివారాలు సెలవని కాగితంలో చదివినా, ఒంటికి ఎక్కలేదు. మొదటి వారం దిద్దడానికి నోట్సుల కట్ట వచ్చింది. అందులో ఒకటి వెనక అట్ట వైపు నుంచి మొదలైంది. ఎర్ర పెన్ను ఎత్తి ఆగినా. వాళ్ల దివేహి భాషకు తానా లిపి, కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఆ పిల్లవాడికి పుస్తకం అంటే అక్కడే మొదలు. ఇంగ్లిష్ లోపల ఎడమ నుంచే రాసినాడు, పేజీలు మాత్రం వెనక నుంచి ముందుకు. అట్లే దిద్దిచ్చినా.

ఇంకోటి చెప్తా విను. ఇక్కడ ఇంగ్లిష్ మీడియం అని బోర్డే గానీ, పాఠమంతా తెలుగులోనే నెట్టుకొచ్చేదాన్ని. కిరణజన్య సంయోగక్రియ అని చెప్పి, నిర్వచనం బోర్డు మీద రాసి, బట్టీ పట్టమంటే అయిపోయేది. అక్కడ పిల్లలకు అర్థం కాకపోతే తెలుగులోకి పారిపోయే దారి లేదు. మందారాకు కోసుకొచ్చి, స్పిరిట్ పోసిన గ్లాసును వేడినీళ్లలో పెట్టి ఆకు రంగు పోగొట్టి, అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది. క్లాసంతా బల్లెక్కింది. ఆ ప్రయోగం మన పుస్తకంలోనూ ఉంది పెద్దనాయనా. కడపలో నేను ఒక్కసారి కూడా చేసి చూపించలేదు, నాకు నా టీచర్లూ చూపించలేదు. తిండి మొదట్లో నరకమే. కూరగాయలు పడవలో రావాలి. సముద్రం బాగలేని వారం టమోటాలుండవు. టూనా చేప, కొబ్బరి, ఎర్రగడ్డలు కలిపి మాస్ హుని అని చేస్తారు, పొద్దున్నే రొట్టెలోకి. వాసనకే కడుపులో తిప్పేది. ఇప్పుడు మన కారంపొడి చల్లుకుని తింటా. ఇంటి ఓనరమ్మకు మన చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి అలవాటు చేసినా, నేను తెచ్చిన డబ్బా సగం ఆమే ఖాళీ చేస్తుంది. సాయంత్రం ఐదు దాటితే మాత్రం తోచదు. దీవి చుట్టూ నడిచినా అరగంట పట్టదు. కేరళ టీచర్లు, తమిళ టీచర్లు కలిసి కూర్చుంటారు, నాకు తెలుగు మాట్లాడే మనిషి లేదు. ఆ గంటలు ఎట్లా గడవాలో ఇప్పటికీ తెలియలేదు.

పెద్దనాయన: మందారాకు ఇక్కడ లేదా? స్పిరిట్ లేదా? ఆ ప్రయోగం మైదుకూరు దగ్గరో బద్వేలు దగ్గరో మన పిల్లలకు చెయ్యి. వాళ్లు బల్లెక్కరా?

(ఈ దెబ్బ నాకూ తగిలింది. అరుణకూ తగిలినట్టుంది, అందుకే మాట మార్చింది.)

అరుణ: మరి కువైట్‌కు పోయిన అన్నను ఎవరూ ఈ మాట అడగలేదే? రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు అక్కడే. అన్న పన్నెండేళ్లు డ్రైవింగు చేస్తే "మావాడు కువైట్‌లో ఉన్నాడు" అని నువ్వు బస్టాండులో కూడా చెప్పుకున్నావు. అక్కడ పౌరసత్వం ఇస్తారా? పెన్షన్ ఇస్తారా?

పెద్దనాయన: వాణ్ని లాగొద్దు. వాడికి చదువు రాలేదు, పోక తప్పలేదు.

అరుణ: నేను చదువుకున్నా కాబట్టి ఇంట్లో ఉండాలా?

పెద్దనాయన: ఆ డబ్బుతోనే ఈ మేడ కట్టింది, మీ అక్క పెళ్లి చేసింది. నోటికొచ్చినట్టు మాట్లాడకు.

అరుణ: నేనంటున్నదీ అదే. మేడ కట్టింది కాబట్టి తప్పు కాలేదు. సరే, అన్నను వదిలెయ్. ఎర్రముక్కపల్లిలో నువ్వు రోజూ పోయి పేపరు చదివే బ్రౌన్ లైబ్రరీ ఉందే, ఆ బ్రౌన్ దొర ఎవరు? ఇరవై ఒక్కేళ్ల వయసులో పరాయి దేశం నుంచి కడపకొచ్చి...

పెద్దనాయన: పరాయి దేశం కాదు. పుట్టింది కలకత్తాలో, 1798లో. ఇంగ్లండులో చదివి, 1817లో మద్రాసుకొచ్చి, 1820లో కడపకొచ్చినాడు.

అరుణ: సరే సార్, పుట్టింది కలకత్తాలోనే! తెలుగు ఆయన భాష కాదు గదా. నేర్చుకున్నాడు, మరుసటి ఏడాదే ఇక్కడ బడి పెట్టించినాడు. పరాయి ఊళ్లో పిల్లలకు చదువు చెప్పిస్తే ఆయనకు దండలేస్తావు, నన్నేమో వచ్చెయ్యమంటావు.

పెద్దనాయన: ఆయన వెనక కంపెనీ సర్కారు ఉంది తల్లీ. కలెక్టరుకు అసిస్టెంటుగా వచ్చినాడు. ఈ ఊరు పొమ్మంటే పోయే మనిషి కాదు. నీ వెనక ఎవరున్నారు? ఒక కాగితం, దాని మీద ఒక తేదీ.

అరుణ: అంతా అయ్యాక ఆయనా లండన్‌కే పోయినాడుగా. పోయినాడని నువ్వు నిందించలేదే? నేనూ అక్కడే చస్తానని చెప్పడం లేదు. ఉన్నన్నాళ్లు సరిగ్గా ఉండాలంటున్నా. పక్క దీవి బడిలో మన తెలుగామె, టీచరే, రోజూ రోజులు లెక్కపెట్టుకునేది. సామాను కూడా విప్పలేదు, పెట్టెలోంచే తీసి కట్టుకునేది. ఏడాది తిరక్కుండా వచ్చేసింది. నేను అట్లా ఉండలేను.

పెద్దనాయన: ఏటా డీఎస్సీ వేస్తామంటోంది ప్రభుత్వం.

అరుణ: వెయ్యనీ. ఈసారి సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా టికెట్ వేసుకుని వచ్చి రాస్తా. ఆ మాట ఇస్తున్నా. వెయ్యకపోతే?

పెద్దనాయన: వెయ్యకపోతే...

అరుణ: చెప్పు పెద్దనాయనా.

పెద్దనాయన: ఆ కాగితం ఇట్లా తే. పొడిగింపు ఏడాదికా, రెండేళ్లకా? డబ్బు పంపే సంగతి ఎక్కడన్నా రాసినారా చూద్దాం. కళ్లజోడు అందుకో.