ఇంకని ఇంకుడు గుంతకు ఇంజనీరు రాయునది

ఇంకుడు గుంత గారికి,

నమస్కారాలు. నేను క్షేమం. మీరు నిండుగా ఉన్నారని నిన్న ఊరి నుంచి ఫోన్ వచ్చింది.

మురుగునీటి శుద్ధి మీద ఎంటెక్ చేసి పల్లెలకొచ్చిన రోజుల్లో, పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే మా నాన్న "నీళ్ల డిపార్ట్‌మెంటు" అనేవాడు. ఏ నీళ్లో చెప్పేవాడు కాదు. ఆ రహస్యం దాచినంత జాగ్రత్తగా మీ రహస్యాన్ని నేను దాస్తున్నాను.

మీ ఒడ్డూ పొడుగూ నాకు తెలియనివా? నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. రాళ్ల సందుల్లో పట్టే నీళ్లు మహా అయితే 700 లీటర్లు. 2016లో గజ్వేల్ దగ్గర మొదలైన మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్కగట్టింది. ఐదుగురున్న ఇంటికి 500. అందులో ఓ 350 దాకా ఒళ్లు కడిగి, అంట్లు కడిగి, బట్టలు ఉతికి మీ దగ్గరికే వస్తాయి. అంటే ఇంకకపోతే మీ కడుపు నిండటానికి రెండు రోజులు చాలు.

మీరున్నది నల్లరేగడిలో. తడిస్తే ఉబ్బి, ఉన్న సందుల్ని కూడా మూసుకునే నేల అది. ఏ పత్తి రైతునడిగినా చెప్పేవాడు. గుంత తీసి, నీళ్లు పోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు గంటకు ఎన్ని అంగుళాలు దిగాయో చూడాలని పుస్తకాల్లో ఉంది. చూద్దామన్నాను. "ఎర్రచెల్కలో ఇంకింది కదయ్యా, ఇక్కడెందుకు ఇంకదు? డ్రాయింగ్ ఒకటేగా!" అన్నారు మా పెద్దసారు. డ్రాయింగ్ ఒకటే, నిజమే. నేల చదువుకోలేదు, అంతే.

తవ్వకముందు, తవ్వుతుండగా, తవ్వాక అని మీకు మూడు ఫోటోలు తీశాం, అక్షాంశ రేఖాంశాలతో సహా. ఏడాది తర్వాత ఎలా ఉన్నారని అడిగే నాలుగో ఫోటో లేదు. మనవాళ్లకు పెళ్లి ఆల్బమే ఉంటుంది, కాపురం ఆల్బమ్ ఉండదుగా.

మీ ముందున్న చిన్న తొట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. సబ్బు జిడ్డు, మెతుకులు, వెంట్రుకలు అందులో ఆగాలి, ఎవరో ఒకరు దాన్ని ఎత్తిపోస్తుండాలి. అది ఇంటివాళ్ల పని అంది పంచాయతీ. గవర్నమెంటు గుంత అన్నారు ఇంటివాళ్లు.

చివరికి మిమ్మల్ని పెరట్లో పెట్టుకున్న ముసలమ్మే తేల్చేసింది. "బిడ్డా, దోమలకు మంచి బాయి తవ్విచ్చినవ్" అని, పార తీసుకుని మీ పైపు ముందు గండి కొట్టి, నీళ్లను పాతకాలంలాగే అరటిచెట్లకు మళ్లించుకుంది. సబ్బునీళ్లు రోజూ ఒకేచోట పారితే నేల చెడుతుందని చెప్పబోయాను. "ఒక దినం ఈ చెట్టుకు, ఒక దినం ఆ చెట్టుకు పోస్త" అంది. మాకు కాలేజీలో ఇదే ముక్కను బోర్డు నిండా రాసి వారాల తరబడి చెప్పారు.

వస్తుంటే అరడజను పళ్లు చేతిలో పెట్టింది. బాగున్నాయి. కానీ రిపోర్టులో అరటి గెలకు కాలమ్ లేదు. "గుంతలు పూర్తి: 100 శాతం" అని రాసి సంతకం పెట్టాను.

ఇప్పుడీ ఉత్తరం ఎందుకంటే, శుక్రవారం పైనుంచి టీమ్ వస్తోంది. గురువారం రాత్రి మీలోంచి పాతిక బకెట్లు తోడించి, పైన కొత్త ఇసుక చల్లిస్తాను. ఓ అరగంట ఇంకుతున్నట్టు ఉండండి, చాలు. వాళ్లను అరటిచెట్ల వైపు మాత్రం పోనివ్వకండి. అక్కడ మురుగునీళ్లు అనుమతి లేకుండా పనికొస్తున్నాయి.

ఇట్లు,
మీ కొలతలు రాసినవాడు